ఆది అంగీ లేకుండా కుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్

పోయిన నెల వానల్లో కల్హేర్ వెళ్ళాను. సంగారెడ్డి జిల్లా, నారాయణఖేడ్ దగ్గర మా చిన్నమ్మ వాళ్ళ ఊరు. చిన్నాయన టైలర్. దుకాణంలో అడుగుపెట్టానో లేదో, మిషన్ తొక్కడం ఆపేసి అడిగాడు.

"మంచిగొచ్చినవ్ రా. చిట్టీ పాడుదామనుకుంటున్న. నలభై వేలల్ల మంచి ల్యాప్‌టాప్ ఏదొస్తదో చెప్పు."

చిట్టీ ఇంకా పది నెలలుంది. ఇప్పుడే పాడితే చేతికొచ్చేది తక్కువ, మిగతా నెలలు కట్టాల్సింది మాత్రం అంతే. ఎందుకంత తొందర అన్నాను.

"నువ్వే చెప్పినవట కదా, ల్యాప్‌టాప్ లేకుంటే చెల్లె ప్రాజెక్టు కాదని."

చెప్పాను, నిజమే. చిన్నమ్మ బిడ్డ పాలిటెక్నిక్ చదువుతోంది. మూడు నెలల కిందట ఫోన్ చేసి "అన్నా, సొంతంగా చిన్న ఓఎస్ రాద్దామనుకుంటున్న. నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. అయితదా?" అని అడిగింది. ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే తొందర్లో ఉన్నాను. "ఫోన్లో ఓఎస్ ఏంటి? ముందు ల్యాప్‌టాప్ కొనుక్కో" అనేసి పెట్టేశాను. నోట్లోంచి ఊరికే వచ్చిన ఆ మాట మా చిన్నాయన చిట్టీ దాకా వచ్చింది.

ఆ మాట తప్పు. ఎలా తప్పో ఆ రాత్రి చెల్లెలే చూపించింది.

ఎర్రర్ లేదు, పని కూడా లేదు

నా మాట విని తను ఆగిపోలేదు. ఫోన్లో టెర్మక్స్ వేసుకుంది. అది ఆండ్రాయిడ్ మీదే లినక్స్ లాంటి కమాండ్ లైన్ ఇచ్చే యాప్. అందులో క్లాంగ్ అనే సీ కంపైలర్, క్యూఎము అనే ఎమ్యులేటర్ ఉన్నాయి. క్యూఎము అంటే ఫోన్ లోపల నడిచే ఒక ఉత్తుత్తి పీసీ అనుకోండి. అందులో బూట్ అయ్యేలా ఇరవై లైన్ల కెర్నల్ రాసింది.

"అన్నా, కంపైల్ అయితది. ఒక్క ఎర్రర్ రాదు. క్యూఎముకి ఇస్తే మాత్రం తీసుకోదు. ఎందుకైతలేదో చూస్తవా?"

చూశాను. తను తయారుచేసిన ఫైలు ఆర్మ్ ప్రాసెసర్ మీద, ఆండ్రాయిడ్‌లో నడిచే ప్రోగ్రామ్. క్యూఎములో ఉన్నదేమో ఎక్స్86 పీసీ, దాంట్లో ఏ ఓఎస్సూ లేదు. అంటే కంపైలర్ తన పని తను సరిగ్గానే చేసింది. ఎవరి కోసం చేయాలో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే అది తానున్న ఇంటి కోసమే చేస్తుంది.

ఇది చిన్నాయనకి చెబితే నవ్వాడు. "దుబాయ్‌ల ఉన్న పిలగానికి అంగీ కుట్టుమని, ఈడున్న వాళ్ళ తమ్మునికి కొలతలు తీసినట్టైంది."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇక్కడ బట్టలు కుట్టించాలంటే ఏం చేస్తారు? వాళ్ళ పాత అంగీ ఒకటి ఆదిగా తెచ్చిస్తారు. మనిషి ఎదురుగా లేకపోయినా, ఆది ఉంటే కొలత తప్పదు. కుట్టేది కల్హేర్‌లో, తొడుక్కునేది దుబాయ్‌లో. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. కుట్టే చోటు హోస్ట్, తొడుక్కునే చోటు టార్గెట్.

కంపైలర్‌కి ఇచ్చే ఆది ఒక చిన్న పేరు. ప్రాసెసర్ ఏది, దాని మీద ఓఎస్ ఏది, ఫైలు పద్ధతి ఏది అనే ముక్కలు అందులో ఉంటాయి. ముక్కలు మూడు కాబట్టి మొదట్లో టార్గెట్ ట్రిపుల్ అన్నారు, ఇప్పుడు నాలుగున్నా అదే పిలుపు. చెల్లెలి ఫోన్లో క్లాంగ్ తనంతట తాను తీసుకున్న ఆది "ఆర్చ్64, లినక్స్, ఆండ్రాయిడ్". మనకు కావాల్సింది "ఐ686, ఎల్ఫ్". ఇందులో ఓఎస్ పేరు లేదు చూశారా? అక్కడ ఎవరూ లేరు, రాబోయేది మనమే అని దానర్థం.

ఆ ఒక్క ఆప్షన్ జోడించి, లింకర్‌ని వేరుగా పిలిచి, కెర్నల్ మెమరీలో 1 ఎంబీ దగ్గర కూర్చోవాలని చెప్పాం. ఈసారి క్యూఎము ఫైలు తీసుకుంది.

కంపైలర్ మనసులో ఏముంది

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. ఓఎస్ అంటే ల్యాప్‌టాప్, పెద్ద సెటప్ అని నేనెందుకు అనుకున్నానంటే, బీటెక్‌లో నేనూ ఒక 64 బిట్ కెర్నల్ రాయబోయి చేతులు కాల్చుకున్నాను. లినక్స్‌లో మామూలుగా వచ్చే జీసీసీనే వాడాను. ల్యాప్‌టాపూ ఎక్స్86, టార్గెటూ ఎక్స్86, ఇంక వేరే కంపైలర్ దేనికి అనుకున్నా. టైమర్ ఆన్ చేసేదాకా అంతా బాగుంది. ఆన్ చేశాక, ఉన్నట్టుండి వేరియబుల్స్‌లో విలువలు మారిపోయేవి. రెండు వారాలు నిద్ర లేదు. చివరికి వదిలేసి వేరే ప్రాజెక్టు చేసుకున్నా.

కారణం చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 64 బిట్ లినక్స్ ప్రోగ్రాములకు ఒక ఒప్పందం ఉంది. స్టాక్ పాయింటర్ కింద 128 బైట్ల జాగాని, చిన్న ఫంక్షన్లు చెప్పకుండా వాడుకోవచ్చు. దాని పేరు రెడ్ జోన్. మామూలు యాప్‌కి ఇబ్బంది లేదు, ఆ జాగాను ఎవరూ ముట్టుకోకుండా ఓఎస్ చూసుకుంటుంది. కానీ నేను రాస్తున్నదే ఓఎస్! టైమర్ ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ నేరుగా ఆ జాగాలోనే తన లెక్కలు రాసేసింది. లినక్స్ కెర్నల్‌ని కూడా రెడ్ జోన్ వద్దని చెప్పే ఆప్షన్‌తోనే కంపైల్ చేస్తారు. ఆ ఒక్క ఆప్షన్ తెలియక నేను ఏకంగా సబ్జెక్టునే వదిలేశాను.

ప్రాసెసర్ ఒకటే అయినంత మాత్రాన ఆది ఒకటి కాదు. కంపైలర్ మనసులో కొన్ని నమ్మకాలుంటాయి. మెయిన్‌ని ఎవరో ఒకరు పిలుస్తారని, లైబ్రరీ ఉంటుందని, ప్రాసెసర్‌లో కావాల్సినవన్నీ ముందే ఎవరో ఆన్ చేసి పెట్టారని. యాప్ రాసేవాళ్ళకి ఇవన్నీ నిజం. ఓఎస్ రాసేవాళ్ళకి ఒక్కటీ నిజం కాదు.

చెల్లెలికి మూడోది తగిలింది. కెర్నల్ లోడ్ అయింది, కానీ స్క్రీన్ మీద బయోస్ మాటలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అంటే పీసీ రీస్టార్ట్ అవుతూనే ఉంది. క్యూఎములో ఇంటరప్టుల లాగ్ ఆన్ చేస్తే 6వ నంబర్ కనిపించింది. "ఈ ఇన్‌స్ట్రక్షన్ నాకు చెల్లదు" అని ప్రాసెసర్ చెప్పే మాట అది.

తను రాసింది ఒక స్ట్రక్చర్‌ని కాపీ చేసే లైను, అంతే. దాన్ని వేగంగా చేద్దామని క్లాంగ్ తనంతట తాను ఎస్ఎస్ఈ అనే పెద్ద రిజిస్టర్లు వాడింది. అవి వాడాలంటే ముందు ఓఎస్ ప్రాసెసర్‌లో ఒక స్విచ్ వేయాలి. మన ఓఎస్ ఇంకా వేయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు లేకుండా బావి దగ్గర స్టార్టర్ నొక్కినట్టు. మామూలు రిజిస్టర్లే వాడమనే ఆప్షన్ ఇచ్చాం. రీస్టార్టులు ఆగాయి.

ఫంక్షన్‌లా కనిపించేవి, ఫంక్షన్ కానివి

ఈ పెద్ద రిజిస్టర్లని మనమే కావాలని వాడుకునే దారి కూడా ఒకటుంది. వాటిని ఇంట్రిన్సిక్స్ అంటారు. చూడ్డానికి ఫంక్షన్ పిలిచినట్టే రాస్తాం. కానీ లోపల చాలా వాటికి ఫంక్షనే ఉండదు. ఆ పేరు కనపడగానే కంపైలర్ అక్కడ దానికి సరిపోయే మెషిన్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేస్తుంది. ఒకేసారి నాలుగు దశాంశ సంఖ్యల్ని కూడాలంటే పీసీలో ఎస్ఎస్ఈ ఇంట్రిన్సిక్ ఒకటుంది, మీ ఫోన్లో అదే పనికి నియాన్ ఇంట్రిన్సిక్ ఉంది. ఫొటో మీద ఫిల్టర్ వేస్తే చటుక్కున వస్తుందే, అలాంటి పనులకి వీటిని బాగా వాడతారు. ఒక ప్రాసెసర్‌వి ఇంకోదానికి పనికిరావు. ఇక్కడా ఆది గొడవే.

అన్ని ప్రాసెసర్లకీ పనికొచ్చే ఇంట్రిన్సిక్స్ కూడా ఉన్నాయి. ఒక సంఖ్యలో 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పాప్‌కౌంట్ అలాంటిదే. మజా ఏంటంటే, టార్గెట్ ప్రాసెసర్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే కంపైలర్ దాన్నే వాడుతుంది. ఉందని మీరు చెప్పకపోతే, జీసీసీ మాట్లాడకుండా తన సహాయ లైబ్రరీలోని ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ లైబ్రరీ పేరు లిబ్‌జీసీసీ. క్లాంగ్ వైపు దాని జోడీ కంపైలర్-ఆర్‌టీ.

మీరు ఏ ఇంట్రిన్సికూ రాయకపోయినా ఈ పిలుపులు రావచ్చు. చెల్లెలికి అదే జరిగింది. సంఖ్యని ప్రింట్ చేసే ఫంక్షన్ రాసింది. అందులో 64 బిట్ల సంఖ్యని ఇంకో సంఖ్యతో భాగించే లైను ఉంది. లింకర్ ఆగిపోయి, "యూడివ్‌డీఐ3" అనే పేరు ఎక్కడా లేదంది.

"అన్నా, గీ పేరు నేనెక్కడ రాయలే!"

రాయలేదు, నిజమే. 32 బిట్ ఎక్స్86కి 64 బిట్ల సంఖ్యల్ని పూర్తిగా భాగించే ఇన్‌స్ట్రక్షన్ లేదు. అందుకే కంపైలర్ ఆ పనిని సహాయ లైబ్రరీకి అప్పజెప్పింది. ఆ లైబ్రరీ మన కెర్నల్‌లో లేదు. దీనికి రెండు దారులు. టార్గెట్ కోసం ఆ లైబ్రరీని కూడా బిల్డ్ చేసుకుని కలపడం ఒకటి. ఆ ఫంక్షన్ మనమే రాసుకోవడం రెండోది. లినక్స్ కెర్నల్ కూడా 32 బిట్ ఎక్స్86లో లిబ్‌జీసీసీని కలుపుకోదు, భాగహారానికి తన సొంత ఏర్పాటు చేసుకుంది.

చెల్లెలు రెండో దారి పట్టింది. నోట్‌బుక్ తీసి, ఐదో తరగతిలో నేర్చుకున్న భాగహారాన్నే బిట్లతో వేసింది. ఒక్కో బిట్ దించుకోవడం, తీసేయగలిగితే తీసేయడం, 64 సార్లు. పదకొండు లైన్లు. లింకర్ నోరు మూసుకుంది.

జీసీసీతో రాసేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. లైబ్రరీ లేకపోయినా నాలుగు ఫంక్షన్లు మీ దగ్గర ఉండాలని అది అడుగుతుంది: మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్. సరే అని మెమ్‌సెట్‌ని ఒక లూప్‌తో రాస్తారు. ఆప్టిమైజేషన్ పెంచితే జీసీసీ ఆ లూప్ చూసి, "ఓహో, ఇది మెమ్‌సెట్ చేసే పనే కదా" అని లూప్ తీసేసి మెమ్‌సెట్ పిలుపు పెట్టేయొచ్చు. మెమ్‌సెట్ లోపల మెమ్‌సెట్, దాని లోపల మళ్ళీ మెమ్‌సెట్. స్టాక్ నిండిపోయేదాకా అదే. ఆ తెలివి వాడొద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. ఆ ఒక్క ఫైలుకి ఇస్తే చాలు.

యూనిక్స్ కూడా అద్దె ఇంట్లోనే పుట్టింది

అర్ధరాత్రి టీ తాగుతూ చెల్లెలికి ఒక సంగతి చెప్పాను. మూడు నెలల కిందట ఫోన్లో చెప్పాల్సింది ఇదే.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదలుపెట్టాడు. ఆయనకి దొరికింది ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న మెషిన్. దాని మీద ప్రోగ్రాములు తయారుచేసే సౌకర్యం లేదు. అందుకే జీఈ-635 అనే ఇంకో పెద్ద కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ తయారుచేసి, కాగితపు టేపు మీద చిల్లులుగా తీసి, దాన్ని మోసుకొచ్చి పీడీపీ-7కి తినిపించేవాడు. ఎడిటర్, అసెంబ్లర్ పీడీపీ-7 మీదే నడవడం మొదలయ్యాకే టేపు మోత ఆగింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదటి లినక్స్‌ని కంపైల్ చేసింది కూడా మినిక్స్ అనే వేరే ఓఎస్‌లో కూర్చునే.

కొత్త ఓఎస్ ఏదైనా అంతే. తన ఇల్లు తనకింకా లేదు కాబట్టి, వేరేవాళ్ళ ఇంట్లోనే పుట్టాలి. మీ చేతిలో ఉన్న ఫోన్ కెర్నల్ కూడా ఏదో ఎక్స్86 సర్వర్‌లో క్రాస్ కంపైల్ అయి మీదాకా వచ్చిందే. అందుకే "ఓఎస్ రాయడానికి ఆ మెషినే ఉండాలి" అనేది ఎప్పుడూ నిజం కాదు. ఏదో ఒక మెషిన్, సరైన ఆది. ఈ రెండూ ఉంటే చాలు.

ఫోన్ సరిపోవడానికి ఇంకో కారణం క్లాంగే. జీసీసీ అయితే ఒక్కో టార్గెట్‌కి ఒక్కో కంపైలర్‌ని విడిగా బిల్డ్ చేసుకోవాలి. ముందు బిన్‌యుటిల్స్, తర్వాత జీసీసీ, ఆ తర్వాత లిబ్‌జీసీసీ. పాత ల్యాప్‌టాప్‌లో గంటలు పడుతుంది, ఫోన్లో ఆ పని పెట్టుకోవద్దు. క్లాంగ్ కింద ఉన్న ఎల్ఎల్‌వీఎం పద్ధతి వేరు. సీ కోడ్‌ని ముందు ఒక మధ్య భాషలోకి మార్చి, అక్కడి నుంచి ఏ ప్రాసెసర్ కావాలంటే దానికి దింపుతుంది. ఒకే కంపైలర్, పక్కనే ఆది అంగీల మూట. 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అద్వే దీన్ని మొదలుపెట్టారు.

ఇదంతా అమెరికా ముచ్చటే అనుకోకండి. ఐఐటీ హైదరాబాద్ ఉన్న కంది మా సంగారెడ్డి జిల్లానే. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో మొదలై అక్కడికి మారింది. అక్కడి కంపైలర్ల బృందం 2020లో ఐఆర్2వెక్ అనే పని బయటపెట్టింది. ఆ ఎల్ఎల్‌వీఎం మధ్య భాషనే సంఖ్యల వరుసలుగా మార్చి, మెషిన్ లెర్నింగ్‌కి అర్థమయ్యేలా చేయడం దాని ఉద్దేశం. కల్హేర్‌లో చెల్లెలి ఫోన్ తయారుచేస్తున్నదీ, కందిలో వాళ్ళు పరిశోధిస్తున్నదీ ఒకే మధ్య భాష.

ఇంకొకటి. ఐఐటీ మద్రాస్ వాళ్ళ శక్తి, సీడాక్ వాళ్ళ వేగా అనే ప్రాసెసర్లు రెండూ రిస్క్-ఫైవ్ పద్ధతివి. 2018లో శక్తి చిప్ మీద లినక్స్ బూట్ అయింది. ఇలాంటి కొత్త ప్రాసెసర్ వచ్చినప్పుడల్లా దాని మొదటి ప్రోగ్రాములు ఇంకో మెషిన్ మీదే పుట్టాలి. అంటే ఈ కుట్టుపని తెలిసినవాళ్ళు మనకి ఇంకా చాలామంది కావాలి.

21 బైట్లు

రాత్రి ఒంటిగంట దాటాక కెర్నల్ మొదటి మాట పలికింది. ఉత్తుత్తి పీసీలోని సీరియల్ పోర్టు గుండా ఒక్కో బైట్ పంపేలా చెల్లెలు రాసింది. స్క్రీన్ మీద "కల్హేర్" అని వచ్చింది. "ల" కింద ఉండాల్సిన హ ఒత్తు కాస్త పక్కకి జరిగింది. అది టెర్మినల్ తప్పు, కెర్నల్‌ది కాదు. కెర్నల్‌కి తెలుగు రాదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, ఆ పేరులో 7 కోడ్‌లు. అది పంపింది 21 బైట్లు, అన్నీ వరుస తప్పకుండా పంపింది.

చెల్లెలు అరవలేదు, గంతులేయలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "మూడు నెలల కిందనే చెప్తే అయిపోవు కదన్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీరూ చేద్దామనుకుంటే: ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకోండి. అందులో క్లాంగ్, ఎల్ఎల్‌డీ, స్క్రీన్ అక్కర్లేని క్యూఎము ప్యాకేజీలు దించుకోండి. కంపైల్ చేసేటప్పుడు మూడు ఆప్షన్లు మర్చిపోవద్దు: టార్గెట్ పేరు, ఫ్రీస్టాండింగ్, జనరల్-రెగ్స్-ఓన్లీ. 64 బిట్ ఎక్స్86కి రాస్తే నాలుగోది కూడా, నో-రెడ్-జోన్. దాని ధర నాకు ఒక ప్రాజెక్టు. మీకు ఉచితం.

ల్యాప్‌టాప్ అసలు అక్కర్లేదని నేననట్లేదు. ఆరంగుళాల స్క్రీన్ మీద కర్లీ బ్రాకెట్లు వెతుక్కోవడం నరకం. గంట దాటితే ఫోన్ పెనంలా కాలుతుంది. ఎప్పటికైనా చెల్లెలికి ల్యాప్‌టాప్ కావాలి. కానీ అది వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. చిన్నాయన చిట్టీ పాట మానుకున్నాడు. పది నెలలు ఆగితే పూర్తి డబ్బు వస్తుంది, అప్పుడే కొందామన్నాడు.

పొద్దున బయల్దేరేముందు, "నాకూ ఒక అంగీ కుట్టు చిన్నాయనా, నా కొలతలు నీ బుక్కులో ఉన్నయి కదా" అన్నాను.

నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "ఉన్నయి, నీ బీటెక్ నాటివి. ఇప్పటి పొట్టకు అవి చెల్లయి. ఇట్ల నిలబడు" అని టేపు తీశాడు.